ఇంకు పొదుపు – 4వ పాఠం: నలుపే తీస్తున్నా రంగులెందుకు తగ్గుతున్నాయి?

ఈసారి టోనర్ (లేజర్ ప్రింటర్లలో ఇంకు బదులు వాడే పొడి) గురించి చెప్పుకోవాలి. కానీ మూడో పాఠం చూసి గ్రేస్కేల్ పెట్టుకున్న చాలామందికి రంగు ఇంకులు ఎప్పటిలాగే తరిగిపోతున్నాయి. ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

గ్రేస్కేల్ అంటే కాగితం మీద రంగు కనబడదు, అంతే. బూడిద రంగును ఏ ఇంకుతో తయారుచెయ్యాలో ప్రింటరే నిర్ణయించుకుంటుంది. మూడు రంగులూ కలిపి చేసే ప్రింటర్లు చాలా ఉన్నాయి. డ్రైవర్‌లో (కంప్యూటర్‌లో ప్రింట్ ఇచ్చేటప్పుడు వచ్చే సెట్టింగ్స్‌లో) 'బ్లాక్ ఇంక్ ఓన్లీ' అని విడిగా ఉంటే అదే ఎంచుకోండి. పేపర్ రకం 'ప్లెయిన్' అనే ఉండాలి. అక్కడ ఫొటో పేపర్ అని ఉండిపోతే, చాలా ప్రింటర్లు పిగ్మెంట్ నలుపును (కరగని రంగు పొడితో చేసిన నల్ల ఇంకును) పక్కన పెట్టి రంగులు కలిపి నలుపు చేస్తాయి. నిగనిగలాడే పూత మీద ఆ పిగ్మెంట్ సరిగా పట్టదు మరి.

ఇవన్నీ సరిచేసినా తగ్గుతోందంటే, ఇంకు కాగితం మీదికి పోవడం లేదు. ఇంకు చిమ్మే రంధ్రాలను ప్రింటర్ శుభ్రం చేసుకునే క్లీనింగ్‌కి పోతోంది.

రెండో పాఠంలో 'పని కాగానే ప్రింటర్ ఆపండి' అని రాశాను. గోడ స్విచ్‌తో కాదు, ప్రింటర్ మీది బటన్‌తోనే ఆపాలని అప్పుడే చెప్పాల్సింది. బటన్ నొక్కితే హెడ్ (ఇంకు చిమ్మే భాగం) పక్కకి వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది, నాజిల్స్ (దాని సన్నని రంధ్రాలు) మూసుకుంటాయి. అది పూర్తయి లైటు ఆరాకే గోడ స్విచ్ జోలికి వెళ్లండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ స్విచ్ టక్కున ఆపితే హెడ్ ఎక్కడుంటే అక్కడే ఆగిపోవచ్చు. నాజిల్ చివర ఇంకు గాలికి గట్టిపడుతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు చాలా ప్రింటర్లు వాటంతటవే క్లీనింగ్ మొదలుపెడతాయి. ఆ క్లీనింగ్‌లో సాధారణంగా నలుపుతోపాటు రంగులన్నీ లాగి, లోపలున్న వ్యర్థ ఇంకు ప్యాడ్‌లోకి పోస్తాయి. ఒక్క పేజీ కోసం రోజుకి నాలుగుసార్లు ఆన్, ఆఫ్ చేసినా ఇదే నష్టం. పనులు పోగుచేసి ఒకేసారి తీయండి.

కార్ట్రిడ్జ్ పెట్టె మీది పేజీల లెక్క ఐఎస్ఓ/ఐఈసీ 24711 పరీక్షది. అందులో వరసగా ముద్రిస్తూ కొలుస్తారు. వారానికి రెండు పేజీలు తీసేవాళ్లకు అన్ని పేజీలు రావు.

గీతలు పడగానే హెడ్ క్లీనింగ్ నొక్కకండి. ముందు నాజిల్ చెక్ (ఏ రంధ్రం మూసుకుందో చూపే గళ్ల పేజీ) తీయండి, దానికి పట్టే ఇంకు చాలా తక్కువ. అందులో గళ్లు తెగి కనబడితేనే ఒకసారి క్లీనింగ్, మళ్లీ చెక్. రెండుసార్లకీ కుదరకపోతే బటన్‌తో ఆపి 12 గంటలు వదిలేయండి. మూత కింద ఎండిన ఇంకు నాని, తర్వాతి చెక్‌లో చాలాసార్లు దానంతటదే తెరుచుకుంటుంది. అసలు ఇంకే అయిపోయినప్పుడు క్లీనింగ్ చేస్తే గాలి లోపలికి చేరుతుంది.

టోనర్ గురించి ఇప్పటికి ఇంతే: 'Toner Low' (పొడి తగ్గింది) అని వస్తే కార్ట్రిడ్జ్ తీసి, అడ్డంగా పట్టుకుని అటూ ఇటూ ఐదారుసార్లు మెల్లగా ఊపి పెట్టండి. అక్షరం వెలిసేదాకా వాడుకోవచ్చు. డ్రమ్ముకి (పొడిని కాగితం మీదికి చేర్చే నున్నటి గొట్టానికి) వెలుతురు తగలనివ్వకండి. చేతికంటిన పొడిని చన్నీళ్లతో కడగండి, వేడినీళ్లకు అంటుకుపోతుంది. టోనర్ సేవ్ (పొడి తక్కువ వాడి లేతగా ముద్రించే సెట్టింగ్) మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచడం నాకిష్టం.

అభ్యాసం: బూడిద రంగులో మూడు పంక్తులు టైప్ చేసి మామూలు కాగితం మీదే, సెట్టింగ్ మాత్రం మారుస్తూ మూడుసార్లు తీయండి: గ్రేస్కేల్‌తో ఫొటో పేపర్, గ్రేస్కేల్‌తో ప్లెయిన్, బ్లాక్ ఓన్లీతో ప్లెయిన్. భూతద్దంతో అక్షరాలు చూడండి. నీలం, గులాబీ, పసుపు చుక్కలు కనబడిన సెట్టింగ్ మీ రంగు ఇంకు తాగుతున్నట్టే. తర్వాత నెలరోజులు ప్రతి ఆదివారం ఇంకు మట్టాలు, తీసిన పేజీలు, ఆన్ చేసిన సార్లు, క్లీనింగ్‌లు రాసిపెట్టండి. ఐదో పాఠానికి ఆ కాగితం కావాలి.