శ్మశానవాటిక డిజైన్ – 4వ పాఠం: ముందు దారి, తర్వాతే గోడ

పోయిన పాఠంలో స్థలం, చెట్లు, నేల వాలు చూశాం. ఇవాళ ప్రార్థన మందిరం, దహనశాల. అప్పుడే ఎలివేషన్ (భవనం బయటికి ఎలా కనిపిస్తుందో చూపే గీత) జోలికి పోకండి. మనుషులు ఎటునుంచి వస్తారు, శవపేటిక ఎటు వెళ్తుంది అన్నది ముందు తేల్చుకోవాలి.

మన నమూనా స్వీడన్‌లో స్టాక్‌హోమ్‌లోని స్కోగ్‌షిర్కోగోర్డెన్ శ్మశానవాటిక. ఆర్కిటెక్టులు గున్నార్ ఆస్‌ప్లుండ్, సిగుర్డ్ లెవెరెంట్స్ 1915లో పోటీ గెలిచి ఈ పని చేపట్టారు. ఆస్‌ప్లుండ్ దహనశాల 1940లో పూర్తయింది. యునెస్కో 1994లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక కుటుంబం ఏడుస్తూ బయటికొస్తుంటే, గుమ్మం దగ్గర ఇంకో కుటుంబం తమ వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఏ శ్మశానంలోనైనా అసలు టెన్షన్ ఇక్కడే. దుఃఖంలో ఉన్నవాళ్లను క్యూలో నిలబెట్టకూడదు. ఆస్‌ప్లుండ్ ఆ దహనశాలలో మూడు మందిరాలు కట్టాడు. చిన్నవైన రెండింటికీ ఎవరి వేచివుండే గది వాళ్లకు, ఎవరి తోట ముంగిలి వాళ్లకు ఇచ్చాడు. పెద్ద మందిరంలో నేల పేటిక ఉంచే వేదిక వైపు మెల్లగా వాలుతుంది. ముందున్న పెద్ద అద్దాల తెర నేలలోకి దిగిపోతుంది. జనం ఎక్కువైతే బయటి స్తంభాల మంటపం కూడా మందిరంలో కలిసిపోతుంది.

అదే శ్మశానంలో లెవెరెంట్స్ 1925లో కట్టిన పునరుత్థాన మందిరం చూడండి. ఉత్తరం వైపు నుంచి లోపలికి వస్తారు. దక్షిణాన ఉన్న ఒకే ఒక్క కిటికీ వెలుగు వేదిక మీద పడుతుంది. వీడ్కోలు అయ్యాక పడమటి తలుపులోంచి సమాధుల వైపు దిగిపోతారు. వచ్చిన గుమ్మంలోంచి తిరిగి వెళ్లనక్కర్లేదు. ఆ మందిరంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే నిర్ణయం ఇదే.

మన ఊళ్లకు గీసేటప్పుడు ఈ ప్లాన్‌ను ఉన్నదున్నట్టు దించకండి. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తారు కదా. అక్కడ నీడ ఉండాలి, పాడె మోసేవాళ్లు మసలేంత జాగా ఉండాలి.

అభ్యాసం: 1:200 స్కేలులో ప్లాన్ గీయండి. కుటుంబం నడిచే దారి నీలం, పేటిక దారి ఎరుపు, సిబ్బంది దారి నలుపు. ఒకేసారి రెండు కుటుంబాలు వచ్చాయనుకుని రెండు నీలం గీతలు వేయండి. అవి కలిసిన ప్రతిచోటా సున్నా చుట్టి, అక్కడి గోడో తలుపో జరపండి. నలుపు గీత కుటుంబం కంట పడుతున్న చోట్లు కూడా గుర్తుపెట్టండి. కొలిమి, పొగగొట్టం పాఠానికి ఈ కాగితమే కావాలి.