గ్రీకు మాటలు టైప్ చేసేవాళ్లకు ఓ చిట్కా

బైబిల్ పాఠాలకో, తత్వశాస్త్రం నోట్సుకో ప్రాచీన గ్రీకు మాటలు టైప్ చేయాల్సి వస్తే, కంప్యూటర్లో ముందు కనిపించిన ఫాంటుతో సరిపెట్టుకోకండి. 1992లో మొదలైన గ్రీక్ ఫాంట్ సొసైటీ (జీఎఫ్ఎస్) పాత అచ్చు అక్షరాలను మళ్లీ గీయించి, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉచితంగా ఇస్తోంది. పుస్తకంలో వాడుకోవచ్చు, ఆ పుస్తకాన్ని అమ్ముకోవచ్చు కూడా.

ఫాంటు ఎంచుకునే ముందు ఒక్క అక్షరంతో పరీక్షించండి. ఒమేగా (ω) అక్షరం టైప్ చేసి, పైన శ్వాస గుర్తు (మాట మొదట్లో ‘హ’ ధ్వని ఉందో లేదో చెప్పేది), స్వర గుర్తు (యాక్సెంట్), కింద చిన్న అయోటా (ι) అక్షరం పెట్టి, సైజు బాగా పెంచి చూడండి. ఆ ఒక్క అక్షరం పక్కవాటికంటే లావుగానో, పల్చగానో కనబడితే, మీ ఫాంటులో అది లేదు. సాఫ్ట్‌వేర్ వేరే ఫాంటు నుంచి తెచ్చి అతికించింది. 1982లో గ్రీసు ఒకే స్వర గుర్తు పద్ధతికి మారింది. ఆధునిక గ్రీకు కోసమే చేసిన ఫాంట్లలో ఈ పాత గుర్తులు దొరక్కపోవడం మామూలే.

చదవడానికి పొడవైన పాఠమైతే జీఎఫ్ఎస్ డీడో వాడండి. 19వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో ఫిర్మాన్ డీడో చెక్కిన గ్రీకు అక్షరాలు దీనికి మూలం. సొసైటీ సైట్ నుంచే దించుకుంటే బోల్డ్, ఇటాలిక్ కూడా వస్తాయి. కేంబ్రిడ్జ్ పండితుడు రిచర్డ్ పోర్సన్ చేతిరాత నుంచి పుట్టిన జీఎఫ్ఎస్ పోర్సన్ అంటే నాకు ఎంతో ఇష్టం, పద్యాలకు అది అందం. ప్రెస్సుకు పంపేముందు పీడీఎఫ్‌లో ఫాంటు ఎంబెడ్ అయిందో లేదో, అంటే ఫైల్లోనే కలిసి ఉందో లేదో చూసుకోండి.