సైకిల్ సీటు కిర్రుమంటుంటే: చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడం, దాన్ని ఆపడం

సీటు కింది నుంచి కిర్రుకిర్రుమని చప్పుడు రాగానే చాలామంది స్పానర్ అందుకుని కనిపించిన నట్లన్నీ బిగిస్తారు, ఆపైన ఆ చుట్టుపక్కలంతా నూనె చల్లుతారు. ఈ రెండింటి వల్లా చప్పుడు నాలుగు రోజులు అణగవచ్చు గానీ పోదు. రెండు గట్టి భాగాలు పొడిగా ఒకదానికొకటి ఆనుకుని, బరువు పడినప్పుడల్లా వెంట్రుకవాసి జరగడం వల్లనే ఈ కిర్రు పుడుతుంది. ఆ సందులో దుమ్మూ తుప్పూ ఉన్నంతకాలం ఎంత బిగించినా ఆ జరుగుడు పూర్తిగా ఆగదు. అతిగా బిగిస్తే బోల్టు మర అరిగిపోతుంది. కాబట్టి చప్పుడు ఏ కీలు నుంచి వస్తున్నదో ముందు తేల్చుకుని, ఆ కీలును విప్పి, శుభ్రం చేసి, గ్రీజు రాసి, తగినంతగా బిగించడమే సరైన పద్ధతి.

చోటు తేల్చుకోవడంలో చెవిని పూర్తిగా నమ్మకూడదు. ఫ్రేము గొట్టాలు బోలుగా ఉంటాయి కనుక చప్పుడు వాటి గుండా పాకి, పెడలును పట్టి తిప్పే చేయి అయిన క్రాంకు దగ్గర పుట్టినది కూడా సీటు కిందే వినిపిస్తుంది. రద్దీ లేని వీధిలో కాసేపు కూర్చుని, కాసేపు లేచి నిలబడి తొక్కి చూడండి. నిలబడినప్పుడు చప్పుడు ఆగిపోతే సీటు మీదనో, సీటును మోస్తూ ఫ్రేములోకి దిగే గొట్టమైన సీటు పోస్టు మీదనో అనుమానం పెట్టుకోవచ్చు. అయితే నిలబడితే పెడళ్ల మీద పడే బలం తీరు కూడా మారుతుంది గనుక ఈ ఒక్క పరీక్షతో సరిపెట్టకూడదు. కొంచెం వేగం అందుకున్నాక తొక్కడం ఆపి, కూర్చునే నడుమును అటూ ఇటూ ఆడించి చూడటం ఇంకా నమ్మదగిన పరీక్ష. పెడళ్లు తిరగకుండానే కిర్రుమంటే అది సీటు వైపుదే. తొక్కినప్పుడు మాత్రమే వినిపిస్తూ పెడలు చుట్టుకు ఒకసారి చొప్పున వస్తుంటే పెడళ్లనూ, క్రాంకునూ, క్రాంకు ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్‌నూ చూడాలి.

తర్వాత సైకిల్‌ను నిలిపి, సీటుకు తగిలించిన సంచీని, వెనుక లైటును తీసేయండి. సంచీ పట్టీ సీటు కింది కమ్మీలకు రాసుకుని చేసే చప్పుడు కోసం సీటంతా విప్పినవాళ్లు ఎందరో ఉన్నారు. పోస్టును ఫ్రేములో బిగించి పట్టే సీటు కాలర్‌కే బిగించిన క్యారియర్ ఉంటే దాని బోల్టులను కూడా చూడాలి. ఇప్పుడు ఇంట్లోవాళ్లలో ఒకరిని సీటు ముక్కునూ వెనుక భాగాన్నీ మార్చి మార్చి నొక్కమని, మీరు ఒక్కొక్క అతుకు మీద వేలి కొనను రెండు భాగాలకూ తగిలేలా ఆనించండి. కదులుతున్న అతుకు దగ్గర ఆ అదురు వేలికి తెలుస్తుంది.

అనుమానం సీటు పోస్టు మీద ఉంటే, ముందు దాని ఎత్తు గుర్తుకోసం ఫ్రేము అంచు దగ్గర టేపు చుట్టి, కాలర్ వదులు చేసి, పోస్టును మెల్లగా తిప్పుతూ పైకి లాగండి. చెన్నైలో అసలు సమస్య తరచుగా ఇక్కడే కనిపిస్తుంది. బెసెంట్ నగర్, తిరువాన్మియూర్ వంటి చోట్ల ఉండేవారి సైకిళ్లకూ, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద తరచుగా తిరిగే సైకిళ్లకూ సముద్రపు గాలిలోని ఉప్పు తేమ పడుతూనే ఉంటుంది. అల్యూమినియం పోస్టు ఉక్కు ఫ్రేములో ఉన్నప్పుడు ఆ ఉప్పు తేమ రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్యకు దారితీస్తుంది. దానివల్ల అల్యూమినియం తినివేయబడి, తెల్లని పొడిలా పేరుకుంటుంది. మొదట కిర్రుమనే పోస్టు కొన్నాళ్లకు ఫ్రేములోనే బిగుసుకుపోయి, ఎంత లాగినా రాకుండా పోవచ్చు. కనుక ఈ ఊళ్లో సీటు చప్పుడును చిన్న విషయమని వదిలేయవద్దని గట్టిగా చెబుతున్నాను. పోస్టును గుడ్డతో తుడిచి, తెల్ల పొడి ఉంటే సన్నని ఎమరీ కాగితంతో తీసేయండి. ఒక కర్రకు గుడ్డ చుట్టి ఫ్రేము గొట్టం లోపలి భాగాన్నీ తుడవండి. వానల తర్వాతైతే లోపల నీరు నిలిచి ఉండవచ్చు, దాన్ని వంపేసి ఆరనివ్వాలి. ఆరాక పోస్టుకు పలుచగా గ్రీజు రాసి, టేపు గుర్తు దాకా దించండి. పోస్టు మీద చెక్కి ఉండే కనీస లోతు గీత ఫ్రేము బయట కనిపించకూడదు. కార్బన్ పోస్టుకైనా, కార్బన్ ఫ్రేముకైనా గ్రీజు రాయకూడదు. వాటికోసమే అమ్మే గరుకు రేణువుల పేస్టును వాడాలి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరులో మొదలయ్యే ముందు ఒకసారి, డిసెంబరులో ముగిశాక మరొకసారి పోస్టు తీసి ఈ పని చేస్తే బిగుసుకుపోయే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

తర్వాతిది సీటు కమ్మీలను పట్టి ఉంచే క్లాంపు. సీటు ముందుకు ఎంత ఉన్నదో, ఎటు వంగి ఉన్నదో ఫోటో తీసుకుని, ఆరు మూలల అలెన్ కీతో బోల్టు విప్పి, పై పలకనూ కింది పలకనూ విడదీయండి. కమ్మీలు ఆనే గాళ్లలోనూ, వంపు సరిచేసే పళ్లలోనూ చేరిన ఇసుకను పాత టూత్ బ్రష్‌తో, కొద్దిగా కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టండి. బోల్టు మరలకు, బోల్టు తల కింద, పలకలు ఒకదానిపై ఒకటి ఆనే వంపులకు గ్రీజు రాయండి. ఉక్కు కమ్మీలైతే వాటికీ పలుచగా పూయవచ్చు. రెండు బోల్టుల క్లాంపును ఒకేసారి ఒక పక్క పూర్తిగా బిగించకుండా, అర చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించాలి. భాగం మీద ఎంత బలంతో బిగించవచ్చో న్యూటన్ మీటర్లలో (Nm) అంకె ముద్రించి ఉంటే దాన్ని మించకండి.

పోస్టూ క్లాంపూ శుభ్రపడ్డాక కూడా కిర్రు మిగిలితే సీటునే చేతుల్లోకి తీసుకుని, ముక్కునూ వెనుక భాగాన్నీ పట్టుకుని మెలిపెట్టండి. కమ్మీలు ప్లాస్టిక్ గూట్లోకి దూరే చోట చప్పుడైతే అక్కడ చిక్కని నూనె ఒక్క బొట్టు వేస్తే చాలు. గూడు వదులైపోతే మాత్రం సీటు మార్చడమే దారి.

1949లో మొదలై అంబత్తూరులో ఫ్యాక్టరీ నడిపిన టీఐ సైకిల్స్ చేసిన హెర్క్యులెస్, బీఎస్ఏ వంటి పాత సైకిళ్లు ఈ నగరంలో ఇంకా తిరుగుతున్నాయి. వాటి స్ప్రింగుల సీటును పోస్టుకు పట్టి ఉంచే క్లిప్పుకు రెండు పక్కలా నట్లు ఉంటాయి కనుక రెండు స్పానర్లతో రెండు వైపులా సమంగా బిగించాలి. క్లిప్పు పళ్లు అరిగి ఉంటే క్లిప్పును మార్చాలి, అది ఖరీదైన వస్తువేమీ కాదు. స్ప్రింగు కొసలు ఆనే చోట్ల నూనె బొట్టు వేయండి, మిగిలినది తుడిచేయకపోతే చీరలకూ పంచెలకూ మరక అంటుతుంది.

ఏ భాగం విప్పినా కమ్మీలు వంగే చోటునూ, క్లాంపు అంచు తగిలే చోటునూ, ఫ్రేములో సీటు గొట్టం అతుకునూ వెలుతురులో పట్టి చూడండి. అక్కడ సన్నని పగులు కనిపిస్తే గ్రీజుతో పని లేదు. కమ్మీ పగిలితే సీటు మార్చేవరకూ, ఫ్రేము పగిలితే మెకానిక్ చూసేవరకూ ఆ సైకిల్ ఎక్కకూడదు. పగులు లేకపోతే అన్నీ బిగించి, ఇంటి చుట్టుపక్కల కొద్ది దూరం తొక్కి వచ్చాక బోల్టుల బిగువును మరొకసారి చూసుకోవాలి, ఎందుకంటే గ్రీజు రాసిన పలకలు బరువు పడ్డాక కాస్త సర్దుకుంటాయి.