లాయర్ మీద బార్ కౌన్సిల్‌లో ఫిర్యాదు ఎలా చేయాలి: హైదరాబాద్ వాళ్ల కోసం

మా పిన్ని ఇంటి తగాదా దావా సిటీ సివిల్ కోర్టులో ఉండేది. ఫీజు మొత్తం ముందే తీసుకున్న లాయరు గారు ఎప్పుడు ఫోన్ చేసినా "వాయిదా పడిందమ్మా" అనేవారు, తీరా నేను ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబర్ కొట్టి చూస్తే మన తరఫున ఎవరూ హాజరు కాలేదని ఆ దావా కొట్టేసి ఉంది. ఆ రోజు పిన్ని అన్నం కూడా ముట్టలేదు. ఆమె కోసం తిరిగినప్పుడు తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఫిర్యాదు కంటే ముందు మీ కేసు కాపాడుకోండి. హాజరు లేదని కొట్టేసిన దావాను మళ్లీ తెరిపించడానికి గడువు 30 రోజులే, అది దాటితే ఆలస్యం ఎందుకైందో కారణం చూపిస్తూ ఇంకో పిటిషన్ కూడా వేయాలి. కొత్త లాయర్‌ని పెట్టుకుందామంటే పాతాయన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఇవ్వడం లేదా? కోర్టుకు కారణం చెప్పి అనుమతి తీసుకోవచ్చు. "బాకీ ఫీజు ఇస్తేనే ఫైలు ఇస్తా" అనే మాట చెల్లదు, ఫీజు కోసం క్లయింట్ కాగితాలు ఆపుకునే హక్కు లాయర్‌కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చేసింది. చేతిలో డబ్బుల్లేని వాళ్లు పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సదన్‌కు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇక ఫిర్యాదు. వినియోగదారుల ఫోరంకు వెళ్దామని చాలామంది అనుకుంటారు, మేమూ అలాగే అనుకున్నాం. కానీ లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి లాయర్ నడవడిక మీద చర్య కావాలంటే వెళ్లాల్సింది లాయర్లను నమోదు చేసుకుని వాళ్ల నడవడికను చూసే బార్ కౌన్సిల్‌కే, 1961 అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద. మీ లాయర్ పేరు ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో (నమోదైన లాయర్ల జాబితాలో) ఉందో అక్కడే ఫిర్యాదు ఇవ్వాలి. హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తున్నంత మాత్రాన తెలంగాణ రోల్‌లోనే ఉండాలని లేదు కాబట్టి, మీ తరఫున వాదించమని సంతకం పెట్టిచ్చిన వకాల్తా మీద లాయర్ ఎన్‌రోల్‌మెంట్ నంబర్ చూసుకోండి.

కేసు ఓడిపోవడం తప్పు కాదు. ఇది మనసుకు కష్టంగా ఉన్నా ముందే ఒప్పుకోవాలి, ఎందుకంటే ఓడిపోయిన కోపంతో రాసిన ఫిర్యాదు నిలబడదు. క్లయింట్ డబ్బు వాడుకోవడం, లెక్క చెప్పకపోవడం, అవతలి పక్షంతో చేతులు కలపడం, మన రహస్యాలు బయటపెట్టడం, గెలిస్తే వచ్చే ఆస్తిలో వాటా అడగడం, కారణం లేకుండా మధ్యలో వదిలేయడం, ఇవి తప్పులు.

ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు! బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్‌లోనే ఆ వీలు ఉంది, ఇంగ్లీష్ రాదని ఎవరికో డబ్బులిచ్చి రాయించుకోకండి. పిటిషన్ రూపంలో, పేరాలకు నంబర్లు వేసి, ఏ తేదీన ఏం జరిగిందో వరుసగా రాయాలి. చివర వెరిఫికేషన్ తప్పనిసరి: ఏయే పేరాలు నాకు స్వయంగా తెలిసినవి, ఏవి ఇతరుల ద్వారా తెలిసి నిజమని నమ్ముతున్నవి అని రాసి, ఊరు, తేదీ వేసి సంతకం పెట్టాలి. మేం మొదట ఐదు పేజీల బాధ రాశాం, తర్వాత అదంతా తీసేసి పదకొండు తేదీలు మాత్రం ఉంచాం, అప్పుడే అది ఫిర్యాదులా కనిపించింది. ఫీజు పంపిన యూపీఐ వివరాలు, వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు, కోర్టు ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు జత చేయండి. ఒరిజినల్స్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

తెలంగాణ బార్ కౌన్సిల్ ఆఫీసు హైకోర్టు ఆవరణలోనే ఉంది, నయాపూల్ దిగితే దగ్గర. ఫీజు ఎంత, ఎన్ని కాపీలు కావాలి అన్నది ఆఫీసులో అడిగి కట్టండి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోకుండా బయటికి రాకండి. లోపాలుంటే సరిచేయమని సెక్రటరీ లేఖ పంపిస్తారు, జవాబివ్వకుండా వదిలేయొద్దు.

తర్వాత బార్ కౌన్సిల్ ఆ లాయర్‌ను వివరణ అడగవచ్చు. తప్పు జరిగిందని నమ్మడానికి కారణం ఉందనిపిస్తేనే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతారు. అక్కడ సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్ అన్నీ ఉంటాయి, మిమ్మల్నీ ప్రశ్నలు అడుగుతారు, టెన్షన్ పడకండి, కాగితంలో రాసిందే చెప్పండి. ఫిర్యాదు అందిన ఏడాదిలోగా తేల్చాలి, లేకపోతే కేసు ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ కావాలి. కాబట్టి ఆ స్టాంపు తేదీ గుర్తుపెట్టుకోండి. కమిటీ ఫిర్యాదును కొట్టేయవచ్చు, లేదా లాయర్‌ను మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, రోల్ నుంచి పేరే తీసేయవచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మధ్యలో రాజీ పడ్డాం, వెనక్కి తీసుకుంటాం అన్నంత మాత్రాన విచారణ ఆగదు. డబ్బు రాబట్టడానికి బెదిరింపులా ఫిర్యాదు వేయడం నాకైతే తప్పనిపిస్తుంది, ఒక మనిషి బతుకుదెరువుతో ముడిపడిన విషయం కదా. పైగా కమిటీ మీ నష్టానికి పరిహారం ఇప్పించదు. డబ్బు కావాలంటే సివిల్ దావా, మోసం ఉంటే పోలీస్ ఫిర్యాదు, అవి వేరే దారులు.

ఉత్తర్వు నచ్చకపోతే అది మీకు అందిన రోజు నుంచి 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడా కాకపోతే మళ్లీ 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీల్ చేసుకోవచ్చు. ఉత్తర్వు వచ్చిన కవరు కూడా పారేయకండి, అందిన తేదీకి అదే సాక్ష్యం.