పాత ఏరియల్ తీసేసి మిద్దె మీద కొత్త డిష్ పెట్టుకోవడం ఎలా?

తిరుపతిలో కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి పాత వీధుల్లో మిద్దె ఎక్కి చూస్తే ఇప్పటికీ అక్కడక్కడా అల్యూమినియం పుల్లల ఏరియళ్ళు కనిపిస్తా ఉంటాయి, సగం పుల్లలు ఊడిపోయి, పైపు తుప్పు పట్టి, కాకులు వాలడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాకుండా. అది తీసేసి అదే టైపు కొత్తది పెడదాం అనుకుంటుంటే ఆ డబ్బు దాచుకోండి. నేల మీది టవర్ల నుంచి దూరదర్శన్ ఇచ్చే పాత అనలాగ్ ప్రసారాలు 2022 కల్లా దాదాపు దేశమంతా ఆపేశారు, ఎంత మంచి ఏరియల్ పెట్టినా టీవీలో చుక్కలే.

దాని బదులు పెట్టుకోవాల్సింది డీడీ ఫ్రీ డిష్, అంటే దూరదర్శన్ వాళ్ళు శాటిలైట్ నుంచి ఇచ్చే ప్రసారం. 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ అని మొదలైంది ఇదే. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే నెలనెలా కట్టే పనే లేదు. కాకపోతే ముందే చెప్తున్నా, ప్రైవేటు చానళ్ళు వేలంలో స్లాటు కొనుక్కుంటేనే ఇందులోకి వస్తాయి, అందుకే హిందీవి ఎక్కువ, లిస్టు కూడా మారతా ఉంటుంది. డీడీ సప్తగిరి వస్తుంది, వార్తలకీ పాత సినిమాలకీ పెద్దవాళ్ళకి బాగానే సరిపోతుంది, రోజూ సాయంత్రం సీరియల్ లేకపోతే గడవని ఇంట్లో మాత్రం గొడవలైపోతాయి.

ఏం కొనాలి

60 సెంటీమీటర్ల డిష్ చాలు. మామూలు రోజుల్లో దానికి మించి అక్కర్లేదు. మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కదా, గట్టి వాన పడేటప్పుడు బొమ్మ పోవడం మామూలే, అది తగ్గాలంటే 75 సెంటీమీటర్లది తీసుకోవచ్చు. చూడ్డానికి కొంచెమే పెద్దది అనిపిస్తుంది గానీ సిగ్నల్ పట్టే వైశాల్యం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అంతే లెక్కన గాలి కూడా దాన్ని ఎక్కువ తోస్తుంది, తుఫాను గాలికి బేస్ గట్టిగా లేకపోతే పెద్ద డిష్ వల్ల నష్టమే. నన్నడిగితే బాగా బిగించిన 60 మేలు.

రేకు మందం చూడండి, అంచు పట్టుకుని మెలితిప్పితే వంగిపోయేది వద్దు. కపిలతీర్థం, అలిపిరి వైపు ఇళ్ళుండేవాళ్ళకి కోతుల సంగతి నేను చెప్పక్కర్లేదు, డిష్ ముందుకు చాచి ఉండే కడ్డీ పట్టుకుని ఊగడం వాటికి సరదా, కాబట్టి ఆ కడ్డీకి రెండు పక్కలా సపోర్టు పుల్లలు ఉండే మోడల్ అడగండి.

ఎల్ఎన్‌బీ అంటే కడ్డీ కొసన కూర్చుని డిష్ నుంచి వచ్చే సిగ్నల్ అందుకునే ఆ చిన్న మూతి. కేయూ బ్యాండ్ యూనివర్సల్ అని అడగాలి, దాని మీద 9750, 10600 అని రెండు నంబర్లు ఉంటాయి. డబ్బా మీద 0.1 డీబీ అని, అంటే సిగ్నల్‌కి అది కలిపే గోల అంత తక్కువని, పెద్దక్షరాల్లో వేసి ఉంటుంది, దాన్ని చూసి ఎక్కువ రేటు పెట్టొద్దు, అందరూ అదే వేస్తారు. రెండు టీవీలు, రెండు బాక్సులు ఉంటే ట్విన్ ఎల్ఎన్‌బీ తీసుకుని రెండు కేబుళ్ళు విడివిడిగా దించండి, ఒకే వైరుని చీల్చి రెండింటికీ ఇస్తే ఒక బాక్సు ఇంకోదాన్ని చెడగొడుతుంది. బాక్సు ఎంపెగ్-4 ది కొనండి, పాత ఎంపెగ్-2 బాక్సులో కొన్ని చానళ్ళు రావు.

కేబుల్ ఆర్జీ-6. పాత ఏరియల్‌కి ఉన్న చదును వైరుగానీ, ఇరవై ఏళ్ళ నాటి నల్ల కేబుల్‌గానీ మళ్ళీ వాడదామని చూడొద్దు, ఎండకి పై తొడుగు పగిలి లోపలికి నీళ్ళు దిగి ఉంటాయి. దాంతోపాటు కేబుల్ కొసలకి వేసే ఎఫ్ కనెక్టర్లు నాలుగు, 10 ఎంఎం యాంకర్ బోల్టులు నాలుగు, ఒక టేపు. పనిముట్లలో 10, 13 నంబర్ పానాలు, డ్రిల్లింగ్ మిషను, రసమట్టం, అంతే.

పాతది దించేటప్పుడు

ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. పాత ఏరియల్ పైపులు పదిహేను, ఇరవై అడుగులు ఉంటాయి, పైన పుల్లల బరువు, కింద తుప్పు పట్టిన క్లాంపు. బోల్టు ఊడగానే అది ఎటు పడుతుందో చెప్పలేం. సందుల్లో కరెంటు తీగలు మిద్దె పిట్టగోడకి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోతుంటాయి. పైపు పడితే తీగల మీద పడే చోటు అయితే మీరు ముట్టుకోవద్దు, కరెంటాఫీసు వాళ్ళకి చెప్పి లైన్ ఆపించాకే పని. తీగలు దూరంగా ఉన్నా కూడా ఇద్దరు ఉండాలి, ముందు పైపు మధ్యలో తాడు కట్టి ఒకరు పట్టుకుని, తర్వాత క్లాంపు వదులు చేసి మెల్లగా మిద్దె మీదకే పడుకోబెట్టాలి. తడి మిద్దె మీద, గాలి కొట్టే రోజు ఈ పని పెట్టుకోవద్దు.

ఆ పైపు బాగుంది కదా డిష్ దానికే తగిలిద్దాం అని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. ఏరియల్ కొంచెం ఊగినా బొమ్మ వచ్చేది, డిష్ ఒకటిన్నర డిగ్రీ పక్కకి పోతే సిగ్నల్ సగానికి పడిపోతుంది.

చోటు చూసుకోవడం

ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండే జీశాట్-15 శాటిలైట్ నుంచి. తిరుపతి నుంచి చూస్తే అది ఉత్తరం నుంచి లెక్కేసి 133 డిగ్రీల దిక్కులో ఉంటుంది, చిత్తూరు నుంచి 132. అంటే చక్కగా ఆగ్నేయం, వంటిల్లు ఉండాలని వాస్తు వాళ్ళు చెప్పే మూలే. ఎత్తు రెండు ఊళ్ళలోనూ 67 డిగ్రీలు, దాదాపు నెత్తి మీదకి వచ్చినంత పైన. శేషాచలం కొండలు మనకి ఉత్తరాన ఉన్నాయి కాబట్టి వాటితో ఏ ఇబ్బందీ లేదు.

ఇంత ఎత్తున ఉండడం మనకి కలిసొచ్చే విషయం. ఆగ్నేయం వైపు పక్కింటి గోడ డిష్ కంటే పది అడుగులు ఎత్తున్నా, మధ్యలో ఐదారు అడుగుల ఖాళీ ఉంటే సిగ్నల్‌కి అడ్డం రాదు. అడ్డం వచ్చేవి దగ్గర్లో ఉండే వాటర్ ట్యాంకు, నెత్తి మీదకి వంగిన కొబ్బరి మట్టలు, మామిడి కొమ్మలు. ఇవాళ సన్నగా ఉండే కొమ్మ రెండేళ్ళకి అడ్డం వస్తుంది, అది కూడా లెక్కేసుకోండి.

ఫోనులో దిక్సూచి యాప్ చాలు. కాకపోతే ఇనుప డిష్ పక్కన, ట్యాంకు స్టాండు పక్కన పెట్టి చూస్తే తప్పు చూపిస్తుంది, నాలుగడుగులు దూరం జరిగి ఫోను చేతిలో పట్టుకుని చూసి, ఆ దిక్కున దూరంగా ఏదో ఒక గుర్తు పెట్టుకోండి, ఒక సెల్ టవరో, ఒక మిద్దె మూలో. పక్కింటి డిష్ చూసి అదే దిక్కున పెట్టేయడం మాత్రం పనికిరాదు. టాటా ప్లే వాళ్ళ డిష్ 83 డిగ్రీల శాటిలైట్‌ని చూస్తుంది, అంటే మన ఊర్లో దాదాపు దక్షిణం. డిష్ టీవీది 95, మనదానికి పక్కనే ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది.

బిగించడం

అందరూ సిగ్నల్ పట్టడమే పెద్ద విద్య అనుకుంటారు. నా లెక్కలో సగం పని డిష్ స్టాండు పైపు నిటారుగా నిలబెట్టడంలోనే అయిపోతుంది. పైపు ఒక పక్కకి వంగి ఉంటే డిష్‌ని పక్కకి తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతుంది, స్కేలు మీద నంబర్లకి అర్థం ఉండదు, మధ్యాహ్నం దాకా తిప్పుతానే ఉంటారు. రసమట్టాన్ని పైపుకి ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి ఆనించి చూడండి, రెండు వైపులా బుడగ మధ్యలో నిలవాలి. బేస్ కింద వాషర్లు పెట్టి సరిచేసుకోవచ్చు.

మిద్దె స్లాబుకి డ్రిల్లు పెట్టొద్దు. నవంబర్ వానకి ఆ రంధ్రాల్లోంచి నీళ్ళు దిగి బెడ్‌రూం సీలింగు మీద మచ్చలొస్తాయి, తర్వాత ఎంత సిమెంటు పూసినా ఆగదు. పిట్టగోడకి వేయండి, అది కూడా ఇటుక మధ్యలో, రెండు ఇటుకల సందులో కాదు. పూత మెత్తగా ఉండి డ్రిల్లు బిట్టు జారిపోయినట్టు సులభంగా దిగిపోతే ఆ చోటు వదిలేసి అర అడుగు పక్కకి జరగండి. అద్దె ఇల్లు, ఓనరు గోడకి మేకు కొట్టనివ్వరు అనుకుంటే రెండడుగుల చదరం సిమెంటు దిమ్మె పోయించి, తడి మీదుండగానే నాలుగు బోల్టులు తలకిందులుగా పాతేయండి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాంతో సహా తీసుకుపోవచ్చు.

తిప్పడం, సిగ్నల్ పట్టడం

ముందు టీవీ, బాక్సు మిద్దె మీదకి డిష్ దగ్గరికే తెచ్చుకోగలిగితే తెచ్చుకోండి, లేదంటే ఒకరు కింద టీవీ ముందు వీడియో కాల్‌లో ఉండాలి. "వచ్చిందా అన్నా?" "వచ్చింది... పోయింది... కొంచెం వెనక్కి తిప్పు!" అని అరుచుకునే రోజులు పోయాయి, స్క్రీను కనిపిస్తుంటే పని సులభం.

బాక్సు సెట్టింగుల్లోకి పోయి శాటిలైట్ జీశాట్-15 పెట్టండి. పాత బాక్సుల్లో ఇన్‌శాట్-4బీ అని అంతకుముందు శాటిలైట్ పేరే ఉంటుంది, పేరుదేముంది గానీ కింద ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలి. ఎల్ఎన్‌బీ యూనివర్సల్, ఫ్రీక్వెన్సీ 11590, సింబల్ రేటు 29500, పోలరైజేషన్ వర్టికల్. కింద రెండు గీతలు కనిపిస్తాయి, ఒకటి స్ట్రెంత్, ఒకటి క్వాలిటీ. స్ట్రెంత్ గీతను నమ్మొద్దు, కేబుల్ తగిలించగానే ఆకాశంలో ఎటు తిప్పినా అది 60, 70 చూపిస్తుంది. చూడాల్సింది క్వాలిటీ ఒక్కటే, సరైన శాటిలైట్ సరైన నంబర్లతో దొరికితేనే అది లేస్తుంది.

డిష్ వెనక స్కేలులో 67 దగ్గర ఎత్తు పెట్టి బోల్టు సగం బిగించండి. ఇక్కడ చాలామంది తడబడతారు, ఎందుకంటే 67 పెట్టినా డిష్ మొహం అంత పైకి చూస్తున్నట్టు ఉండదు, 45కి కొంచెం తక్కువలో ఉన్నట్టు అనిపిస్తుంది. ఇది ఆఫ్‌సెట్ డిష్, సిగ్నల్ పై నుంచి ఏటవాలుగా పడి కింద ఉండే ఎల్ఎన్‌బీకి వెళ్తుంది, అందుకే అట్లా కనిపిస్తుంది. కంటికి నచ్చేలా పైకి ఎత్తేశారంటే సిగ్నల్ దొరకదు.

ఇప్పుడు గుర్తు పెట్టుకున్న ఆగ్నేయం వైపు నుంచి పది డిగ్రీలు ఎడమకి పోయి, అక్కడి నుంచి గోరంత గోరంత కుడికి తిప్పతా రండి. తిప్పిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగాలి, బాక్సు లాక్ చేసుకోవడానికి ఆ మాత్రం టైం పడుతుంది. ఆగకుండా తిప్పేసేవాళ్ళు శాటిలైట్‌ని దాటి పోయి కూడా తెలుసుకోరు. ఏమీ రాకపోతే ఎత్తు ఒక డిగ్రీ మార్చి మళ్ళీ మొదటి నుంచి. క్వాలిటీ లేచిన చోట ఆపి, ముందు పక్కలకీ తర్వాత పైకీ కిందకీ ఎక్కువ వచ్చే దాకా సరిచేయండి.

అప్పుడు ఎల్ఎన్‌బీ మెడ. మన దగ్గర దాన్ని దాని గూట్లోనే దాదాపు 45 డిగ్రీలు ఒక పక్కకి తిప్పాలి. సరైన పక్కకి తిప్పితే క్వాలిటీ పెరుగుతుంది, అవతలి పక్కకి తిప్పితే మొత్తం పోతుంది, అంత తేడా ఉంటుంది కాబట్టి ఏ పక్క అని తికమక పడక్కర్లేదు. డిష్ కరెక్టుగానే ఉన్నా క్వాలిటీ సున్నా చూపిస్తుంటే చాలాసార్లు కారణం ఇదే, రెండు పక్కలకీ తిప్పి చూశాకే డిష్‌ని కదిలించండి.

బోల్టులు బిగించేటప్పుడు ఒకదాన్నే పూర్తిగా బిగించకుండా ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా, గీత మీద కన్నేసి. బిగింపులో డిష్ ఒక డిగ్రీ జరగడం మామూలే.

కేబుల్

బాక్సు స్విచ్ ఆపి కేబుల్ ముట్టుకోండి. ఆ కేబుల్లోనే ఎల్ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు పోతుంటుంది, షాక్ కొట్టేంత కాదు గానీ షార్ట్ అయితే బాక్సు పోతుంది. షార్ట్ అవ్వడానికి ఎక్కువగా కారణం కనెక్టర్ వేసేటప్పుడు చుట్టూ ఉండే జల్లెడ తీగలో ఒక్క వెంట్రుకంత ముక్క మధ్య రాగి తీగకి తగలడం. పై తొడుగు కోశాక తీగలన్నీ వెనక్కి మడిచి, మధ్య తీగ శుభ్రంగా ఉందా లేదా వెలుతురులో చూసి అప్పుడే కనెక్టర్ తిప్పండి.

ఎల్ఎన్‌బీ దగ్గర టేపు కింద నుంచి పైకి చుట్టండి, అప్పుడు పొరలు పెంకుల మాదిరి ఒకదాని మీద ఒకటి పడి నీళ్ళు కిందకి జారిపోతాయి. కిటికీ దగ్గర ఇంట్లోకి దూరే ముందు కేబుల్‌ని ఒక జానెడు కిందకి వేలాడదీసి మళ్ళీ పైకి తెచ్చి లోపలికి పంపండి, వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే చుక్కలుగా పడిపోతాయి, గోడలోకి రావు. ఉరుములు మెరుపులు ఉంటే టీవీ ఆపితే చాలదు, బాక్సు వెనక కేబుల్ పీకేయండి.

తర్వాత

మొదటి గట్టి వాన, గాలి అయ్యాక ఒకసారి పైకెక్కి బోల్టులు చూడండి. ఆ తర్వాత ఏడాదికోసారి చాలు. వాన పడుతున్నంతసేపు బొమ్మ ముక్కలు ముక్కలై, వాన ఆగాక దానంతట అదే వచ్చేస్తే డిష్‌లో ఏ లోపమూ లేదు. వాన ఆగి ఎండ కాసినా రాకపోతే ముందు కనెక్టర్లో నీళ్ళు, తర్వాత డిష్ కదలడం, ఈ వరసలో చూడండి.

ఇంకోటి, మార్చి మధ్యలో, మళ్ళీ సెప్టెంబర్ ఆఖర్లో కొన్ని రోజులు, పొద్దున పదకొండు ప్రాంతంలో కొన్ని నిమిషాల పాటు బొమ్మ పోతుంది. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వచ్చేది అప్పుడే, ఎల్ఎన్‌బీకి సూర్యుడి గోల తప్ప ఇంకేమీ వినపడదు. అదే టైంలో మిద్దె మీద ట్యాంకు నీడో చెట్టు నీడో డిష్ మీద పడుతుందేమో చూసుకుంటే సిగ్నల్‌కి అడ్డం ఉందో లేదో కూడా తెలిసిపోతుంది. చూసి కిందకి దిగేయండి, పానా మాత్రం పట్టుకుపోవద్దు.