పెద్దవాళ్లకు చదవడం నేర్పే పద్ధతి

నలభై, యాభై ఏళ్ల మనిషికి చదవడం నేర్పదలచినవారు పలక కొనకముందే వారిని కంటి పరీక్షకు తీసుకెళ్లాలి. నలభై దాటాక వచ్చే చత్వారం వల్ల దగ్గరి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. చాలామంది ఆ లోపాన్ని తమ బుద్ధి మీద వేసుకుని ‘నా తలకెక్కదు’ అంటారు. వరంగల్‌లో మా వీధిలోని ఒక పెద్దమ్మ చేత మూడు వారాలు గుణింతాలు దిద్దించి విసిగించాక గానీ ఈ సంగతి నాకు తట్టలేదు. కళ్లద్దాలు వచ్చిన మర్నాడు ‘ప’కూ ‘ష’కూ తేడా ఆమే నాకు చూపించింది.

అ, ఆలతో మొదలుపెట్టవద్దు. వర్ణమాల అంతా వల్లించే తీరిక పిల్లలకు ఉంటుంది గానీ, పగలంతా కూలి చేసి రాత్రి ఎనిమిదింటికి వచ్చి కూర్చునే మనిషికి ఉండదు. మొదటి వారంలోనే అక్కరకొచ్చే మాట ఒకటి చదవగలగాలి. పత్తి రైతు అయితే మార్కెట్‌లో సరుకు అమ్మాక ఇచ్చే తక్‌పట్టీ అనే చీటీయే వారికి తగిన వాచకం, ఎందుకంటే అందులోని పేరు, ఊరు, తూకం, ధర వారికి ముందే తెలిసినవి.

వరంగల్ వ్యవసాయ మార్కెట్ ఉన్న చోటు పేరు ‘ఎనుమాముల’నే తీసుకోండి. ఐదే అక్షరాలు, ఒక్క ఒత్తూ లేదు. ‘మా’, ‘ము’ పక్కపక్కనే ఉండడంతో దీర్ఘం, కొమ్ము ఒకే హల్లును ఎలా మారుస్తాయో వేలు పెట్టి చూపవచ్చు. మాటను పెద్దగా రాసి, అక్షరాల వారీగా కత్తిరించి, ముక్కలను కలిపేసి మళ్లీ పేర్చమనండి. కాసేపటికి ఆ ముక్కల్లోంచే ‘మాను’ అనే మాటను వారే తీస్తారు. తీసేదాకా మీరు నోరు మెదపకుండా ఉండడమే కష్టం.

అసలు చిక్కు ఒత్తుల దగ్గర వస్తుంది. గ ఒత్తు, ట ఒత్తు చూడగానే వాటి హల్లులు గుర్తొస్తాయి గానీ త, న, మ, య, ర, ల, వ ఒత్తులకు రూపమే వేరు, కాబట్టి వాటిని విడిగా, రోజుకొకటి చొప్పున నేర్పాలి. వీటికి మన దగ్గరే మంచి పాఠం ఉంది: 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరును హనుమకొండగా మార్చినా పాత బోర్డుల మీద ‘హన్మకొండ’ కనిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన రాసి చూపితే మ ఒత్తు ఎక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో వేరే వివరణ అక్కర్లేదు.

రోజుకు అరగంట చాలు. పత్తి ఏరే నెలల్లోనూ, బతుకమ్మ తొమ్మిది రోజులూ రాలేదని నొచ్చుకోకండి. మిరపకాయలు ఏరి వచ్చినవారిని మాత్రం చేతులు బాగా కడుక్కున్నాకే కూర్చోబెట్టండి, లేకపోతే కళ్లు నులుముకుని పాఠం అక్కడే ఆగిపోతుంది. మనుమడు తప్పులు పట్టి నవ్వే ఇంట్లో కంటే పక్కింటి అరుగు మీద చదువు బాగా సాగుతుంది.

చదువొచ్చినట్టు పత్రం కావాలనుకునేవారికి 2022లో మొదలైన ఉల్లాస్ అనే కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా కార్యక్రమం ఉంది. పదిహేనేళ్లు నిండినవారెవరైనా అందులో చేరవచ్చు, చివర్లో చదవడం, రాయడం, లెక్కల మీద పరీక్ష పెడతారు. అంతకంటే ముందు మీరే ఒక పరీక్ష పెట్టండి. రోజూ ఎక్కే బస్సు బోర్డును చాలామంది బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు, కనుక దానితో ఏమీ తేలదు. బస్టాండుకు తీసుకెళ్లి, వారెన్నడూ వెళ్లని ఊరి బోర్డు ముందు నిలబెట్టండి. మా పెద్దమ్మ ‘మహాముత్తారం’ దగ్గర ‘ము’ దాకా గబగబా వచ్చి, త కింది ఒత్తు దగ్గర ఆగి, పెదాలు కదుపుకుంటూ దాన్ని దాటింది.