కొండ నుంచి కడలి దాకా – 4వ పాఠం: భీమిలి ఇసుకను చదవడం

పోయిన పాఠంలో బొర్రా గుహల దగ్గర గోస్తని నదిని చూశాం. అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈసారి అక్కడికే. ఒక స్టీలు పళ్లెం, చిన్న అయస్కాంతం, కాస్త కాగితం, తాగడానికి నీళ్లు ఉంటే చాలు.

ముందు టైమ్ సంగతి. బీచ్‌కి వెళ్లేటప్పుడు ఎండ చూసుకుంటాం గానీ ఆటుపోట్లు చూసుకోం. నేనూ అంతే. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని మంగమారిపేటలో శిలాతోరణం (సహజంగా ఏర్పడ్డ రాతి వంపు) చూద్దామని మొదటిసారి సరిగ్గా పోటు మీద వెళ్లాను. రాళ్లన్నీ నీళ్లలోనే ఉన్నాయి. ఒక చెప్పు సముద్రుడికి సమర్పించి తిరిగొచ్చాను. పోటుకూ ఆటుకూ మధ్య సుమారు ఆరుంబావు గంటలు. రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ 7 గంటలకు ఆటు అయితే, రేపు 7.50 ప్రాంతంలో. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి తగ్గుతాయి. ఆ తిథుల్లో, ఆటుకు గంట ముందు ఒడ్డు చేరితే మీ పంట పండినట్టే.

ఇక ఇసుక. అల వెనక్కి పోయిన చోట తడి ఇసుక మీద నల్లటి చారలు, వాటి అంచున లేత ఎరుపు కనిపిస్తాయి. మురికి అనుకుని దాటిపోకండి. ఒక గుప్పెడు పళ్లెంలో వేసి, నీళ్లు పోసి, బియ్యంలో రాళ్లు గాలించినట్టు మెల్లగా తిప్పండి. తేలికైన తెల్ల ఇసుక అంచు మీదుగా జారిపోతుంది, బరువైనవి అడుగున మిగులుతాయి. నల్లనివి ఎక్కువగా ఇల్మెనైట్ అనే ఖనిజం, ఎర్రనివి గార్నెట్ అనే ఖనిజం. ఉంగరాల్లో పెట్టే గోమేధికం కూడా గార్నెట్ జాతిదే! మిగిలినదాన్ని ఆరబెట్టి, అయస్కాంతానికి కాగితం చుట్టి మీద తిప్పండి. టక్కున అంటుకునేది మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. ఇల్మెనైట్ మామూలు అయస్కాంతానికి అంతగా లొంగదు.

ఈ ఎర్ర గింజలు ఎక్కడివి? మొదటి పాఠంలో మనం చేత్తో తడిమిన కొండరాయి గుర్తుందా, ఖోండలైట్? అందులో మెరిసిన ఎర్ర చుక్కలే ఇవి. రాయి అరిగింది, వాన కడిగింది, ఏరులు మోశాయి. ఒడ్డున అల తేలికైనదాన్ని లాక్కెళ్లి బరువైనదాన్ని మిగిల్చింది. పళ్లెంలో మీరు చేసిందీ అదే పని.

తిరిగొచ్చేటప్పుడు ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగండి. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి పోగుచేసింది. గింజలకు పట్టిన ఇనుప తుప్పే ఆ ఎరుపు. వానలు కోసిన లోయల్లో నడవండి గానీ అంచులు ఎక్కకండి, విరిగిపడతాయి. మట్టి ఇంటికి తెచ్చుకోవద్దు, అది భూవారసత్వ స్థలం.

స్నానం విషయంలో ఒక్క మాట. అలలు విరుగుతున్న వరుస మధ్యలో ప్రశాంతంగా, ముదురు రంగులో ఒక దారి కనిపిస్తే అక్కడ దిగకండి. నీళ్లు లోపలికి లాగేది అక్కడే. చిక్కుకుంటే ఒడ్డు వైపు కాదు, ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి.

అభ్యాసం: నది కలిసే చోట ఒక గుప్పెడు, అక్కడికి కిలోమీటరు దూరంలో ఒక గుప్పెడు గాలించి చూడండి. ఎక్కడ నలుపు ఎక్కువో రాసుకోండి. వచ్చే పాఠానికి ఆ కాగితం కావాలి.